కూరల కత్తి

వానలు పడేలోపు నా తమ్ముణ్ణి చంపేస్తానని పెద్దోడు అన్నాడట. ఆ మాట నాకు మోసుకొచ్చింది నర్సమ్మ. చెప్పిన తీరు చూడాలి, ఏ మాత్ర పరగడుపున వేసుకోవాలో, ఏది తిన్నాక వేసుకోవాలో చెప్పినట్టు చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో పనిచేసి పనిచేసి ఆవిడ గొంతు అలా అయిపోయింది.

నేనప్పుడు మా కొట్టులో ఎవరిదో కత్తెర విప్పుకుని కూర్చున్నాను. మాది సాన కొట్టు, బజారు సందులో చివరిది. మా మామగారు యాభై ఏళ్ళు కాలితో చక్రం తొక్కి కత్తులకీ కత్తెరలకీ పదును పెట్టారు. మా ఆయన లారీ మీద తిరుగుతూ పది రోజులకోసారి ఇంటి ముఖం చూసే మనిషి. అందుకని మామగారి చూపు మందగించాక ఆ పీట మీద కూర్చున్నది నేనే. కోడలు చక్రం తొక్కడమేమిటని మొదట్లో సందంతా నవ్వింది. తర్వాత వాళ్ళ కత్తులు మొద్దుబారాయి, నవ్వు ఆపి వరసలో నిలబడ్డారు.

"ఎవరితో అన్నాడు?" అని అడిగాను.

"వాళ్ళమ్మతో. నేను ఆవిడకి బీపీ చూస్తుంటే నా ఎదురుగానే అన్నాడు. నీకు చేరాలనే అన్నట్టుంది."

"పోలీసులకి చెబుదాం."

"చెప్పు. రేపు పొద్దున పిలిచి నాలుగు తగిలించి పంపిస్తారు. ఆ తర్వాత వాడు వానల దాకా కూడా ఆగడు."

పెద్దోడంటే ఇస్త్రీ పెద్దమ్మ పెద్దకొడుకు. ఆవిడ బజారు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకుని కొడుకులిద్దర్నీ పెంచింది. పెద్దోడు, చిన్నోడు అన్న తల్లి పిలుపులే బజారంతటికీ అలవాటయ్యాయి. ఇద్దరూ కూరగాయల మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళు. నా తమ్ముడూ అక్కడే మోసేవాడు. చలికాలం చివర్లో ఒక పొద్దున, మార్కెట్ గేటు దగ్గర ఎవరి బండి ముందు నిలపాలన్న దగ్గర మాటా మాటా పెరిగి తోపులాట అయింది. అటు ముగ్గురు, ఇటు నలుగురు. చిన్నోడు వెల్లకిలా పడ్డాడు. తల గేటు ఇనుప కమ్మీకి కొట్టుకుంది. రెండో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఇరవై రెండేళ్ళు వాడికి. తోసిన నలుగురిలో నా తమ్ముడొకడు.

జైల్లో వాణ్ణి చూడ్డానికి వెళ్ళినప్పుడు అడిగాను, "నువ్వే తోశావా?" అని.

"ఏమో అక్కా. అందరం తోశాం. నా చెయ్యి ఎవరికి తగిలిందో నాకే తెలీదు."

అమ్మా నాన్నా లేకుండా నా చేతుల్లో పెరిగినవాడు. వాడు అబద్ధం చెబితే నాకు ఇట్టే తెలిసిపోతుంది. అది అబద్ధం కాదు.

బెయిలు మీద వాడు ఇంటికొచ్చిన మూడో రోజునే నర్సమ్మ ఈ కబురు తెచ్చింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. వానలకింకా మూడు నెలలుంది. మూడు నెలలు ఒక మనిషిని ఎక్కడ దాచిపెడతాం? ఊరు దాటి వెళ్ళకూడదని బెయిలు కాగితంలోనే రాశారు.

ఆ మధ్యాహ్నం మా కొట్టులో నలుగురం కూర్చున్నాం. మామగారు, నేను, నర్సమ్మ, ఎదురు కొట్టు టైలరు బాబాయి. బాబాయి నాకు చుట్టమేం కాదు, పిలవగా పిలవగా అయిపోయాడు. బక్కపలచటి మనిషి, మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. ఆ టేపు తీసి పడుకుంటాడో లేదో పిన్నిని అడగాలని సందులో వేళాకోళం చేసేవాళ్ళం.

"వాడి కోపం పోగొట్టడం మన వల్ల కాదు," అన్నారు మామగారు. "తమ్ముడే పోయాడు. ఎవరు చెబితే పోతుంది ఆ కోపం? ఆలస్యం చెయ్యగలం. అంతవరకే మన చేతిలో ఉంది."

"ఆలస్యం చెయ్యడంలో నా ముందు ఎవడూ నిలబడలేడు," అన్నాడు బాబాయి. "పెళ్ళికని ఇచ్చిన సూటు వాళ్ళ పాపకి నడక వచ్చాక ఇచ్చినవాణ్ణి."

అంత దిగులులోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పంచుకున్న పనులు ఇవీ. తమ్ముడు ఇక మార్కెట్‌కి వెళ్ళకూడదు. కలప అడితీలో పని చూశాం. అయితే అక్కడికి పోవాలన్నా దారి మార్కెట్ గేటు ముందునుంచే. పొద్దున దింపి, సాయంత్రం తీసుకొచ్చే పని బాబాయిది. బీపీ చూసే వంకతో రోజు విడిచి రోజు ఇస్త్రీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి అక్కడి సంగతులు తేవడం నర్సమ్మది. ఇక మాది మా పనే. మార్కెట్ వెనక వరస ఇళ్ళ నుంచి, అంటే బస్తాలు మోసేవాళ్ళ ఇళ్ళ నుంచి, ఏ కత్తి వచ్చినా పదును పెట్టకూడదు. కాదని తిప్పి పంపితే ఇంకోచోటికి పోతారు. అందుకని తీసుకోవాలి, మొండి చేసి ఇవ్వాలి.

"బజార్లో కొత్త కత్తి దొరకదా మావయ్యగారూ?" అన్నాను.

"ఎందుకు దొరకదమ్మా? కానీ నాలుగు కొట్లు తిరగాలి, ఏది కావాలో చూసుకోవాలి, ఇంటికి తెచ్చుకోవాలి. ఆ తిరుగుడులో మనిషి చల్లబడతాడేమో. మనకి కావలసింది ఆ కాస్తే."

కత్తిని మొండి చేయడం ఆయనే నేర్పారు. ముందు రెండు పక్కలూ మెరిసేలా సాన పట్టాలి, చూసినవాళ్ళకి కొత్తదనిపించాలి. ఆ తర్వాత అంచుని తిరిగే రాయి మీద నిలువుగా ఒక్కసారి ఆనించాలి. అంతే, పదును చచ్చిపోతుంది. మొదటి కత్తి ఆయనే చేసి చూపించారు. ఆనించే ముందు చెయ్యి ఆగింది. "ఈ కొట్టు నుంచి తెగని కత్తి ఇప్పటిదాకా బయటికి పోలేదమ్మా," అని, కళ్ళు మూసుకుని ఆనించారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా కొట్టుకొక పద్ధతి ఉంది. పదును పెట్టిన కత్తిని ఊరికే చేతికివ్వం. పాత పేపరు కాగితం ఒకటి గాల్లో పట్టుకుని, పైనుంచి కిందికి కోసి చూపించి, అప్పుడు పిడి అవతలివాళ్ళ వైపు తిప్పి ఇస్తాం. మొండి కత్తితో కాగితం ఎలా కోసేది? దానికి ఉపాయం నేనే కనిపెట్టాను. కాగితం పైఅంచున గోటితో ముందే చిన్న చీలిక పెట్టి ఉంచుకునేదాన్ని. కత్తి అందులో ఇరికించి లాగితే మొద్దుదైనా చీల్చుకుంటూ పోతుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరగకుండానే మా పేరు మట్టిలో కలిసింది. తాళ్ళు తెగడం లేదని, గోనె సంచీ కూడా కొయ్యలేకపోతున్నామని ఒక్కొక్కళ్ళే వచ్చి గోల. ఒకాయన నడి సందులో నిలబడి, "ముసలాయనకి చూపు పోయింది, కోడలికి పని రాలేదు, ఇంకెందుకు ఈ కొట్టు?" అని అరిచాడు. "అవును నాయనా, కళ్ళు కనబడ్డం లేదు," అన్నారు మామగారు, పక్క కొట్లకి కూడా వినపడేలా. అని, లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. యాభై ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరది. నా తమ్ముడి కోసం ఒక్క మాటలో వదిలేశారు. నేను ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలి, పెట్టలేదు. ఇంట్లోవాళ్ళకి అలాంటివి చెయ్యం కదా.

పెద్దోడు వచ్చింది రెండో వారంలో. గోనె గుడ్డలో చుట్టిన కత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తాళ్ళు కోసే చిన్న కత్తి కాదది, మోచెయ్యంత పొడుగుంది. పెద్దోడు మాట తక్కువ మనిషి. మాట్లాడినా పక్కవాడికి మాత్రమే వినపడుతుంది.

"దేనికి?" అన్నారు మామగారు.

"మీరు ఎవర్నీ దేనికని అడగరు కదా."

"ఇప్పుడు అడుగుతున్నా."

"మీకు తెలుసు."

మామగారు కత్తి విప్పలేదు. "రాయి అరిగిపోయింది. కొత్తది రావాలి. ఉంచి వెళ్ళు, రేపు రా."

ఆయన ఆ మాట అనే వేళకి నేను పక్కనే కూర్చుని చక్రం తొక్కుతున్నాను. కత్తెర మీంచి నిప్పురవ్వలు లేస్తున్నాయి. పెద్దోడు నా వంక చూశాడు, చక్రం వంక చూశాడు. నేను కాలు ఆపాను. వాడు "రేపొస్తా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చాడు. రాయి రాలేదన్నాం. రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడు. రాలేదన్నాం. ఒకరోజు నిలబడే ఓపిక లేనట్టు బెంచీ మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. నా తమ్ముణ్ణి చంపుతానన్న మనిషికి నేను గ్లాసు నిండా నీళ్ళు ముంచి ఇచ్చాను. వాడు తాగి, గ్లాసు కింద పెడుతూ, "మా చిన్నోడికి బూట్లు కొన్నా," అన్నాడు. "సైజు సరిపోకపోతే మారుస్తానన్నాడు కొట్టువాడు. అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఇప్పుడు తీసుకుంటాడో లేదో."

మామగారు చక్రం పక్క పీట లాక్కుని వాడి దగ్గర కూర్చున్నారు. ఇద్దరూ ఒక గంటసేపు అలాగే కూర్చున్నారు.

ఆ తర్వాత నుంచి పెద్దోడు వచ్చేవాడు, కత్తి ఊసెత్తేవాడు కాదు. కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. గోనె చుట్ట లోపల అల్మారా మీద అలాగే ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా మేం గెలుస్తున్నామనుకున్నాను. నాకు వాణ్ణి చూస్తే భయం, జాలి రెండూ కలిగేవి. ఒక్కోరోజు ఏది ఎక్కువో చెప్పలేకపోయేదాన్ని.

నా తమ్ముడికి ఇవేమీ పట్టేవి కావు. వాడి గొడవ వాడిది.

"నన్ను ఒకటో క్లాసు పిల్లాణ్ణి బడికి దింపినట్టు దింపుతున్నాడక్కా. అందరూ చూస్తున్నారు. దారి పొడుగునా కాలర్ల గురించి చెబుతాడు. మడత కాలరు, నిలువు కాలరు. నాకెందుకు చెప్పు?"

"వినడం లేదంటాడు గానీ నిన్న కాజాలు ఎలా కుడతారని అడిగాడు," అన్నాడు బాబాయి. "కేసు తేలాక నా దగ్గర కూర్చోబెడతా. వీడి చేతులు మోటు. కాలరుకి పనికిరావు, ప్యాంట్లకి పనికొస్తాయి."

తమ్ముడు లోపలికి పోయాక మెల్లిగా అడిగాను, "నీకు భయం వెయ్యదా బాబాయ్?"

"దేనికి? పెద్దోడి మొదటి నిక్కరు నేనే కుట్టాను. చిన్నోడి ఆఖరి చొక్కా కూడా నేనే. చంక కింద టేపు పెడితే చక్కిలిగింతలని గంతులేసేవాడు, ఎప్పుడూ కొలత సరిగ్గా వచ్చేది కాదు." మెడలో టేపు సర్దుకున్నాడు. "గేటు దగ్గర నేను కనబడితే పెద్దోడు తల తిప్పేసుకుంటాడమ్మా. సిగ్గు పడుతున్నాడు. సిగ్గున్నంతవరకు ఫరవాలేదు."

రెండు నెలలు అలా గడిచాయి. ఎండలు మండిపోయాయి. చక్రం దగ్గర కూర్చుంటే ఒళ్ళు పెనం మీద పెట్టినట్టుండేది. నర్సమ్మ తెచ్చే కబుర్లలో ఒక్కటే మారేది కాదు. ఇస్త్రీ పెద్దమ్మ పొయ్యి వెలిగించడం లేదు. చిన్నోడు పోయిన రోజున ఆపిన వంట మళ్ళీ మొదలుపెట్టలేదు. పెద్దోడు బయటినుంచి పొట్లం తెచ్చి పెడితే అది అలాగే ఉండి ఉండి పాచిపోయేది. ఇస్త్రీ బండి మీద కప్పిన పట్టా దుమ్ము కొట్టుకుపోయింది. "పొయ్యి వెలిగితే చాలు," అనేది నర్సమ్మ. "ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే సగం గండం గడిచినట్టే. మందులిచ్చినదాన్ని నాకు తెలుసు."

మొదటిసారి మబ్బు పట్టిన రోజున నేను కొట్టులో ఒక్కదాన్నే ఉన్నాను. మామగారు కళ్ళు చూపించుకోవడానికి నర్సమ్మతో ఆసుపత్రికి వెళ్ళారు. ఊళ్ళో చెప్పుకున్న అబద్ధం కాస్తా నిజమే అయింది. పొద్దున పదిగంటల వేళ ఇస్త్రీ పెద్దమ్మ వచ్చి మెట్టు దగ్గర నిలబడింది.

ఇన్నాళ్ళలో నేనావిడని ఎదురుగా చూడలేదు. చూసే ముఖం లేక సందు ఆ చివరికి వెళ్ళడం మానేశాను. మనిషి సగమైపోయింది. ముంజేతుల మీద పాత ఇస్త్రీ వాతలు మాత్రం అలాగే ఉన్నాయి. కొంగుచాటు నుంచి ఒక కత్తి తీసి బల్ల మీద పెట్టింది. మామూలు కూరల కత్తి, జానెడు ఉంటుంది. విరిగిన పిడికి నీలం గుడ్డపీలిక చుట్టి ఉంది.

"ఇది బొత్తిగా తెగట్లేదే అమ్మాయ్," అంది.

"ఏం కోస్తున్నారు పెద్దమ్మా?"

"బీన్స్ తెచ్చుకున్నా. పెద్దోడికి ఇష్టం. వాడు ఇంట్లో కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో." అంతవరకు కత్తినే చూస్తున్నది తలెత్తి నన్ను చూసింది. నేను ఎవరి అక్కనో ఆవిడకి తెలుసు. "ఎన్నాళ్ళని అలా ఉంటాంలే," అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషంతోనే. మామగారు పెట్టిన నియమం నాకు తెలుసు. వరస ఇళ్ళ నుంచి ఏది వచ్చినా మొండి చెయ్యాలి. చీలిక పెట్టిన కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. నేను దాన్ని ఉండ చుట్టి మూలకి విసిరేశాను.

ఆ కత్తికి పట్టినట్టు నేను దేనికీ సాన పట్టలేదు. ముందు గరుకు రాయి మీద, తర్వాత నున్నటి రాయి మీద, ఆఖరున తోలు మీద అటూ ఇటూ. బొటనవేలి గోటి మీద ఆనిస్తే జారకుండా నిలిచిపోయింది. రెండు నెలలుగా నా చేత్తో చంపిన పదునులన్నిటికీ బదులు ఆ ఒక్క కత్తికి పెట్టినట్టనిపించింది. కొత్త కాగితం తీసి పట్టుకున్నాను. కత్తి ఆనించానంతే, సగం కాగితం చప్పుడు లేకుండా కింద పడింది.

"అబ్బో," అంది పెద్దమ్మ. నవ్వినట్టే ఉంది.

పిడి ఆవిడ వైపు తిప్పి చేతిలో పెట్టాను.

మామగారు రాగానే చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన, "కూరల కత్తేగా?" అన్నారు.

"కూరల కత్తే మావయ్యగారూ. బీన్స్ కొయ్యడానికి."

"సరే. మంచిపనే చేశావు," అన్నారు. ఆయన కూడా సంతోషించారు.

మర్నాడు నర్సమ్మ నవ్వుకుంటూ వచ్చింది. పొయ్యి వెలిగిందట. పెద్దోడు తిన్నాడట. బాబాయి మిషను ఆపి వచ్చి విని, "ఇంక పది పదిహేను రోజులు. ఒక్క వాన పడిందంటే వాడికి మాట తప్పడానికి వంక దొరుకుతుంది. అందరికీ ఒక వంక కావాలి కదమ్మా," అన్నాడు. అని, సాయంత్రం అయిందని కలప అడితీ వైపు బయల్దేరాడు.

మూడు రోజుల తర్వాత ఇంచుమించు అదే వేళకి మార్కెట్ వైపు నుంచి అరుపులు వినిపించాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

గేటు ముందు బాబాయి పడి ఉన్నాడు. మెడలోని టేపు తడిసిపోయింది. నా తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ ఆయన పొట్టకి అదిమి పట్టాడు. వాడి ఒంటి మీద ఒక్క గీత లేదు. ముందు అది చూశాను. బాబాయిని చూడ్డానికన్నా ముందు అది చూశాను, దేవుడా అనుకున్నాను, ఊపిరి పీల్చుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

పెద్దోడు నాలుగడుగుల దూరంలో ఒక బస్తా మీద కూర్చున్నాడు. పారిపోలేదు. "పక్కకి జరగమని చెప్పా. రెండుసార్లు చెప్పా. బాబాయ్ జరగలేదు," అంటున్నాడు, ఎవరూ అడక్కుండానే, పక్కవాడికి మాత్రమే వినపడే గొంతుతో. కత్తి వాడి కాళ్ళ దగ్గర పడి ఉంది. పిడికి నీలం గుడ్డపీలిక ఉంది.

బాబాయి ఆసుపత్రి దాకా రాలేదు. దారిలోనే పోయాడు. లోతుగా దిగిందని, కత్తి చాలా పదునుగా ఉందని డాక్టరు అన్నాడట. నర్సమ్మ ఆ మాట నాకు చెప్పలేదు. వేరేవాళ్ళు చెప్పారు.

రెండో రోజున వాన పడింది. నా తమ్ముడు బతికే ఉన్నాడు. ఆ వేసవంతా నేను కోరుకున్నది అదొక్కటే.

మామగారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నాలుగు రోజులు పోయాక, చక్రం తుడుస్తూ అటు తిరిగే అడిగారు, "కాగితం ఒక్క పెట్టున తెగిందా?"

"తెగింది మావయ్యగారూ."

తల ఊపి, మళ్ళీ తుడవడంలో పడ్డారు. పెద్దోడు ఇచ్చిన పొడుగు కత్తి గోనె గుడ్డలోనే తుప్పు పడుతోంది. దానికి ఎంత కాపలా కాశాం!

పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కొట్టు తాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "రోజూ నీ తమ్ముణ్ణి ఇంటికి చేర్చాడు," అంది. "ఆయన్ని చేర్చడానికి ఒక్కళ్ళూ లేకపోయారు." తమ్ముడు ఆ ఇంటి గుమ్మం ముందు పొద్దస్తమానం నిలబడేవాడు. ఆవిడ తలుపు తియ్యలేదు. తర్వాత నిలబడ్డం మానేసి, మా ఇంట్లోనే గోడకేసి తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. నోరు తెరిస్తే, "నేనెందుకు మిగిలానక్కా?" అంటాడు.

అక్కడితో అయిపోలేదు. బాబాయి అన్నగారి కొడుకులు ముగ్గురున్నారు. వాళ్ళు వరస ఇళ్ళవాళ్ళ మీద ఏదో అన్నారని, వరస ఇళ్ళవాళ్ళు తిరిగి ఏదో అన్నారని వింటున్నాం. ఇప్పుడు కత్తులు మా సందులోంచే వస్తున్నాయి. మామగారు తీసుకుంటున్నారు, లోపల పెడుతున్నారు. అప్పుడు నలుగురం ఉండేవాళ్ళం, ఇప్పుడు ముగ్గురం. అందులో ఒకరికి చూపు లేదు, ఒకరికి తన చేతి మీద తనకే నమ్మకం లేదు. నర్సమ్మ ఒక్కతే ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతోంది.

వానలు ముసురుపట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఇస్త్రీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, అడగాలి. తెలిసే తెచ్చిందా కత్తి? కొడుకు పంపిస్తేనే వచ్చిందా? మేము ముసలిదాన్ని కాదనమని వాళ్ళకి తెలుసా? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఒకే గది. గోడవారగా అట్టపెట్టె ఉంది, బూట్లది. పెద్దమ్మ నేల మీద కూర్చుని చాటలో బీన్స్ పోసుకుని ఉంది. నన్ను చూసి కొంచెం పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ రోజు..." అన్నాను.

ఆవిడకి అర్థమైంది.

"నిజంగానే వండానే అమ్మాయ్," అంది. "బాగా తెగింది నీ కత్తి. సన్నగా తరిగాను. వాడు తిన్నాడు. మర్నాడూ తిన్నాడు. అది జరిగిన రోజు మధ్యాహ్నం ఇంకాస్త పెట్టమని అడిగి మరీ తిన్నాడు. నాకెంత సంతోషమో. గిన్నెలు కడుగుతున్నా, కత్తి కూడా కడిగి గట్టు మీద పెట్టా. వెనక్కి తిరిగి చూస్తే లేదు. పండు ఏదైనా కోసుకుంటున్నాడేమో అనుకున్నా."

ఆవిడ నన్ను మోసం చేసి ఉంటే ఎంత బాగుండునో నాకప్పుడు తెలిసింది. మోసపోయానంటే ఒకళ్ళని తిట్టుకోవచ్చు, శాపనార్థాలు పెట్టుకోవచ్చు, ఆ కోపంతో నాలుగేళ్ళు బతకొచ్చు. ఆవిడ వండడం నిజం. నేను సంతోషించడం నిజం. వాడు కడుపు నిండా తినడమూ నిజమే. ఇందులో ఎవర్ని తిట్టను?

"కూర వండి జైలుకి పట్టుకెళితే లోపలికి పంపిస్తారట, వారానికొకసారి," అంది పెద్దమ్మ, చాట దగ్గరికి లాక్కుంటూ. ఒక్కొక్క బీన్సు తీసి ఈనె లాగి, చేత్తోనే ముక్కలు విరుస్తోంది. ముక్కలు పెద్దవీ చిన్నవీ అవుతున్నాయి. "కత్తి పోలీసులు తీసుకుపోయారు. ఇంకోటి చూసుకోవాలి."

నేను కూడా గుప్పెడు తీసుకుని విరవడం మొదలుపెట్టాను. బయట వాన పడుతూనే ఉంది. చాట ఖాళీ అయ్యేదాకా ఇద్దరం విరుస్తూనే కూర్చున్నాం. మా కొట్టులో కత్తులకి కొదవ లేదు. ఒకటి తెచ్చిస్తానని మాత్రం నా నోటివెంట రాలేదు.